యూదుడు అన్న ఒక్క మాట

ఆ రోజుల్లో మా పల్లెలో బైబిలు చదవడమంటే పల్నాడులోనే అటూ ఇటూ తిరిగి రావడం. మాకు యొర్దాను నది అంటే కృష్ణే. అరణ్యమంటే కారెంపూడి అవతలి కంపచెట్ల బీడు. సీనాయి కొండ ఎత్తా, కోటప్పకొండ ఎత్తా అని మగవాళ్ళు గుడి అరుగు మీద కూర్చుని వాదించుకునేవాళ్ళు. యెరూషలేము మాత్రం నరసరావుపేట. ఎందుకంటే పెద్ద ఆస్పత్రీ, మిషను బంగళా అక్కడే ఉండేవి. ఇక యేసుప్రభువంటే గుడి గోడకు తగిలించిన అద్దాల పటంలో ఉన్నాయన. నీలి కళ్ళు, గోధుమరంగు జుట్టు, గులాబీ బుగ్గలు. ఆ పటం తెచ్చింది దొరలు, అందులోని పోలికలూ దొరల పోలికలే. కాబట్టి ఆయన దొరలకు దగ్గరి చుట్టమనీ, బహుశా పెద్దదొరకు మేనత్త కొడుకు వరస అవుతాడనీ మా పల్లె అంతటికీ ఒక నిశ్చయం. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. అలాంటిదాన్ని సరిచెయ్యాలని కొంగు బిగించి బయల్దేరినదాన్ని నేను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వుకంటే ముందు ఆయాసం వస్తుంది.

నా చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే మేనమామ నన్ను పెంచాడు. ఆయన గురజాల దగ్గర ఒక పల్లెలో పాస్టరు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆయనే దిక్కు. సైకిలు మీద వెళ్ళేవాడు, సగం దారి సైకిలే ఆయన మీద వచ్చేది. ఎప్పుడు చూసినా అలసిపోయినట్టు కనిపించేవాడు. నిజంగానే అలసిపోయి ఉండేవాడు. నేను ట్రైనింగు పూర్తిచేసి ఆ పల్లెలోనే మిషను బడిలో పంతులమ్మగా చేరాను. ఆ ఏడాది వేసవి సెలవుల్లో నరసరావుపేటలో బైబిలు తరగతులు పెడుతున్నారని తెలిసి, "పోయి రావే. ఇంట్లో కూర్చుని మీ అత్తతో పోట్లాడే బదులు నాలుగు వాక్యాలన్నా నేర్చుకుంటావు" అని మామయ్యే నన్ను బస్సెక్కించాడు. (ఈ సంగతి అత్తయ్య తర్వాత ఆయనకు జీవితాంతం గుర్తుచేస్తూనే ఉంది.)

అక్కడ మాకు పాఠం చెప్పినాయన్ని అందరూ హెబ్రీ అయ్యగారు అనేవాళ్ళు. ముసలాయన. ఎక్కడో దూరం వెళ్ళి హెబ్రీ భాష నేర్చుకుని వచ్చాడు. ఎండకు తాటాకు పందిరి కింద మేమంతా కునికిపాట్లు పడుతుంటే ఆయన ఒక్కడూ మేలుకుని మాట్లాడేవాడు. "అమ్మాయిలూ, కోడలు అత్తారింట్లో అడుగుపెట్టాక ఆ ఇంటి సంగతులు తెలుసుకోవద్దా? మనం ఈ ఇంటికి ఆలస్యంగా వచ్చిన కోడళ్ళం. ఇల్లు యూదులది. దేవుణ్ణి మనకంటే ముందు ఎరిగినవాళ్ళు వాళ్ళు. యేసుప్రభువు వాళ్ళ బిడ్డ. ఆయన చేసుకున్న పండుగలు వాళ్ళ పండుగలు, పాడుకున్న కీర్తనలు వాళ్ళ కీర్తనలు. అది తెలియక మనం ఆయన మాటలకు మనకు తోచిన అర్థాలు చెప్పుకుంటున్నాం" అన్నాడు. క్రీస్తు అనేది ఇంటిపేరు కాదట, అభిషేకం పొందినవాడని అర్థమట. ప్రభువు శిష్యులతో చేసిన చివరి భోజనం పస్కా పండుగ భోజనమట. హోసన్నా అంటే జేజేలు కాదు, "మమ్మల్ని కాపాడవయ్యా" అని మొర పెట్టుకోవడమట. నా కునుకు ఎగిరిపోయింది. జ్వరం తగిలినదానిలా ఇంటికి తిరిగొచ్చాను.

వచ్చింది మొదలు ఇంట్లో ఎవరినీ బతకనివ్వలేదు. అత్తయ్య పిండి కలుపుతుంటే పులియని పిండి గురించి చెప్పాను. మామయ్య శనివారం కట్టెలు కొడుతుంటే అది విశ్రాంతి దినమని చెప్పాను. ("అయితే నువ్వు కొట్టవే, నేను విశ్రాంతి తీసుకుంటా" అని గొడ్డలి నా చేతికిచ్చాడు.) మా వీధి చివర ఒక ముసలమ్మ ఉండేది. గుడిలో తాటిమట్టలు పట్టుకుని హోసన్నా పాడే మట్టలాదివారం నాడు పుట్టిందని ఆమెకు హోసన్నమ్మ అని పేరు పెట్టారు. అందరూ సన్నమ్మవ్వ అనేవాళ్ళు. ఆ పేరుకు అర్థం ఇదీ అని నేను వెళ్ళి చెబితే ఆమె నోట్లో పొగాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. తర్వాత, "అయితే మా ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను పిలిచినప్పుడల్లా కాపాడండి, కాపాడండి అని అరిచాడన్న మాట. నాకు తెలవక పలికా" అంది.

ఇంతవరకూ బాగానే ఉంది. మరుసటి ఏడు మట్టలాదివారం నాడు మామయ్యకు గొంతు పోయింది. దుమ్ములో సైకిలు తొక్కీ తొక్కీ మాట బొత్తిగా రాలేదు. "ఈ ఒక్క పూటకి నువ్వు నాలుగు మాటలు చెప్పవే" అన్నాడు సైగలతో. నాలుగంటే నాలుగే చెప్పి ఉంటే ఈ కథ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పల్లెలో యూదా అనే మాటను మించిన తిట్టు లేదు. గురువును అమ్మేసిన శిష్యుడి పేరు యూదా, ఆ జాతి పేరు యూదులు. రెండూ ఒకేలా వినిపించేసరికి మా వాళ్ళు యూదులంటే ఆ యూదా పిల్లలూ మనవలూ అనుకున్నారు. పొలం గట్టు జరిపినవాడు యూదా, మేకపిల్లను దొంగిలించినవాడు యూదా, అరువడిగితే లేదన్నవాడూ యూదాయే. అందులోనూ మా మేస్త్రి పెదనాన్న ముందు ఆ మాట ఎత్తడానికి లేదు. ఆయన సంఘానికి పెద్ద. సాగరు డ్యాము కడుతున్న చోట రాతిపని మేస్త్రి. మంచి శుక్రవారం నాడు, ప్రభువును సిలువ వేసిన శ్రమల పాఠం చదివేది ఆయనే. "యూదులు కేకలు వేసిరి" అన్న చోటికి రాగానే ఆగి, కిటికీలోంచి బయటికి ఉమ్మి వచ్చి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివేవాడు. జనమంతా ఆయనతోపాటు ఏడ్చేవాళ్ళు. నేనూ ఏటేటా ఏడ్చినదాన్నే.

ఆదివారం గుడి నిండా తాటిమట్టలు, పిల్లలు, ఉక్క. నేను బల్ల దగ్గర నిలబడి హోసన్నా దగ్గర మొదలుపెట్టాను. గాడిదపిల్ల దాకా బాగానే సాగింది. అందరూ శ్రద్ధగా వింటున్నారనుకునేసరికి నాకు ఉత్సాహం వచ్చింది. "మనం ఆ పటం చూసి ప్రభువు దొరల మనిషి అనుకుంటున్నాం. కాదు. యేసుప్రభువు యూదుడు. ఆయన తల్లి యూదురాలు. పన్నెండుమంది శిష్యులూ యూదులే" అన్నాను. గుడిలో విసనకర్రలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

మేస్త్రి పెదనాన్న లేచాడు. "ఏందే నువ్వనేది?"

"యేసుప్రభువు యూదుడు పెదనాన్నా."

"మా ప్రభువు యూదానా? గుళ్ళో నిలబడి, దేవుడి బల్ల మీద చెయ్యేసి, మా ప్రభువుని యూదా అంటావా?"

"యూదా కాదు పెదనాన్నా, యూదుడు."

"రెండిటికీ తేడా ఏంది?"

తేడా చెప్పడానికి హెబ్రీ అయ్యగారికి ఒక వేసవి పట్టింది. నాకు ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా దొరకలేదు. వెనక ఆడవాళ్ళలో ఎవరో ఏడుపు అందుకున్నారు. మామయ్య లేచి నోరు తెరిచాడు గానీ గొంతు లేదు. చేతులు మాత్రం గాలిలో తిరిగాయి. ఆ సైగలు చూసి కొందరు ఆయన ఆశీర్వాదం ఇస్తున్నాడనుకుని తలలు వంచుకుని, అది కాగానే ఇళ్ళకు వెళ్ళిపోయారు.

సాయంత్రం పెద్దలు మా వాకిట్లో కూర్చున్నారు. నేను వచ్చే ఆదివారం, ఈస్టరు నాడు, అందరి ముందూ నిలబడి ఆ మాట తప్పని ఒప్పుకోవాలి. లేదంటే నరసరావుపేటకు వెళ్ళి మిషను ఆఫీసులో చెప్పి మామయ్యను వేరే చోటికి పంపించేస్తారు. అంతవరకూ ప్రభు బల్లకు మేస్త్రి పెదనాన్న రొట్టె తేడు. మంచి శుక్రవారం ముందురోజు సాయంత్రం, ప్రభువు చివరి భోజనాన్ని తలుచుకుంటూ గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడమే మాకు ప్రభు బల్ల. దానికి రొట్టె ఏటా ఆయనే డ్యాము పని నుంచి వస్తూ మాచర్ల బేకరీలో కొని, తెల్లటి తుండుగుడ్డలో చుట్టి తెచ్చేవాడు. మెత్తటి రొట్టె మా వాళ్ళ నోటికి తగిలేది ఆ రోజే.

వాళ్ళు వెళ్ళాక అత్తయ్య, "తప్పని ఒప్పుకుంటే నీ నోరేమన్నా అరిగిద్దా? మాకు ఈ వయసులో ఇంకో ఊరు పోయే ఓపికుందా?" అంది. మామయ్య గోడకు చేరగిలబడి ఉన్నాడు. గొంతులోంచి గాలి మాత్రమే వస్తుండగా, "నిజం చెప్పి అది కాదని ఎట్ట ఒప్పుకుంటదే" అన్నాడు. తర్వాత కళ్ళు మూసుకుని, "కాకపోతే అంత గట్టిగా చెప్పాల్సిన పని లేదు" అన్నాడు. నన్ను వెనకేసుకొచ్చాడో, తిట్టాడో నాకు ఇప్పటికీ తేలలేదు.

సోమవారం నుంచి బడి వదలగానే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. ఎండాకాలపు సాయంత్రాలు నాపరాళ్ళు చెప్పుల్లోంచి కాల్చేవి. ప్రతి ఇంట్లోనూ మొదటి నుంచీ చెప్పాలి. ఒక అక్క అంతా విని, "అయితే ప్రభువు ఏం తిన్నాడు?" అని అడిగింది. యూదులు పందిమాంసం తినరని నోరు జారాను. "సాయిబుల్లాగానా?" అంది. ఆ పక్కనే ఉన్న వాళ్ళ అత్త ఇంకేదో గుర్తొచ్చినట్టు, "జనవరి ఒకటో తారీకున గుళ్ళో చదువుతారే, ఎనిమిదో దినమున శిశువుకి సున్నతి అని, అదేంది మరి?" అంది. ఏటేటా వింటూ ఎవరూ పట్టించుకోని ఆ వాక్యం ఆ పూటే ఆమెకు గుర్తు రావాలా? పెళ్ళికాని పిల్లను, దానికి అర్థం ఏం చెప్పను? "అది అత్తయ్యని అడగండి" అని బయటపడ్డాను. తెల్లారేసరికి, పాస్టరుగారి మేనకోడలు ప్రభువును మొన్న యూదా అంది, నిన్న సాయిబు అంది అని పల్లెంతా పాకిపోయింది.

ఆ రోజు నేను బడికి వెళుతుంటే రోడ్డు మీద సైకిలు షాపు బాబాయి ఆపాడు. సాయిబుల ఇల్లు అదొక్కటే మా ఊళ్ళో. ట్యూబుకు పంక్చరు వేస్తున్నవాడల్లా చేతులు తుడుచుకుని లేచి, "ఏమ్మా, ఈసా నబీ, అదే మీ యేసుప్రభువు, మావాడని గుళ్ళో చెప్పావంట! చానా సంతోషం తల్లీ. ఆయనంటే మాకూ గౌరవమే" అన్నాడు. కాదు బాబాయ్, నేనన్నది అది కాదని చెప్పబోయాను. అప్పటికే నాకు గొంతు బొంగురుపోయింది, పైగా ఆయన ముఖం అంత సంతోషంగా ఉంది. "నీ సైకిలుకి ఎప్పుడు గాలి కావాలన్నా వచ్చి కొట్టించుకో" అన్నాడు. నాకు సైకిలు లేదు. సరేనన్నాను.

బుధవారం సాయంత్రానికి నాకు ఓపిక పూర్తిగా అయిపోయింది. అయినా మేస్త్రి పెదనాన్న పండక్కి డ్యాము నుంచి వచ్చాడని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉలికి సాన పెడుతున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను అరుగు మీద కూలబడ్డాను. తెచ్చుకున్న వాదనలన్నీ మర్చిపోయాను.

"తప్పొప్పుకోను వచ్చావా?"

"కాదు పెదనాన్నా. నడవలేక కూర్చున్నా."

పెద్దమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన కాసేపు సాన పెట్టి, "మోషే కథ మాకు తెలవదనుకుంటున్నావా? ఐగుప్తులో వెట్టి చేసినోళ్ళని దేవుడు సముద్రం చీల్చి తీసుకొచ్చాడు. ఆళ్ళు దేవుడి జనం. అట్టాంటోళ్ళలో పుట్టాడంటే నమ్ముతా. యూదుల్లో ఎట్ట పుడతాడే?" అన్నాడు.

నేను మజ్జిగ చెంబు దించి ఆయన ముఖంలోకి చూశాను. అప్పటికి అర్థమైంది నాకు. "పెదనాన్నా, ఆ మోషే వెనక వచ్చినవాళ్ళు ఎవరనుకుంటున్నావు?"

"ఇశ్రాయేలోళ్ళు."

"వాళ్ళే వీళ్ళు."

"ఎవురు?"

"ఇశ్రాయేలీయులూ, యూదులూ ఒకటే. ఆ వెట్టి చేసినవాళ్ళ బిడ్డలే యూదులు. ప్రభువు చివరిరోజు శిష్యులతో తిన్న పస్కా భోజనం కూడా ఆ విడుదలను తలుచుకుని తినేదే. ఐగుప్తు నుంచి పారిపోయేటప్పుడు పిండి పులిసేదాకా ఆగే తీరిక లేక అట్లాగే కాల్చుకు తిన్నారు. అందుకని ఆ పండక్కి పులియని రొట్టే తింటారు."

ఆయన సాన ఆపేశాడు. మేస్త్రి మనసు ఎటు పోయిందో తెలుసా? "గడ్డి ఇవ్వకుండా ఇటుకలు కొయ్యమన్నాడంట గదా ఆ రాజు. లెక్క మాత్రం తగ్గకూడదన్నాడంట" అన్నాడు.

"అవును పెదనాన్నా."

"గడ్డి లేకుండా ఇటుక ఎట్ట నిలబడిద్దే? ఆడు రాజా, కాంట్రాక్టరా?" అని కాసేపు ఆ ఈజిప్టు రాజు ఫరోను తిట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "వాళ్ళేనా ఈళ్ళు? మరి నేను ఇన్నేళ్ళూ కిటికీలోంచి..." అని ఆగిపోయాడు. ఉలి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆఖరికి, "పొద్దుపోయింది, ఇంటికి పో" అన్నాడు. రొట్టె మాట ఎత్తలేదు. పని చెడిందనే అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం దాకా చూసినా రొట్టె రాలేదు. అత్తయ్య ఎండుద్రాక్షలు నానబెట్టి పిసికి రసం సిద్ధం చేసింది. రొట్టె లేకుండా రసం ఒక్కటే ఏం చేసుకోను? మామయ్యకు గొంతు కొంచెం వచ్చింది. "ఇంట్లో జొన్నపిండి ఉంది గదా. ఏదో ఒక రొట్టె" అన్నాడు. అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే జొన్నరొట్టెలు తట్టింది. నాకు మాత్రం, ఇదే కదా పులియని రొట్టె అని లోపల ఒక సంతోషం. బయటికి అంటే ఆ వేడి పెనంతోనే కొడుతుందని ఊరుకున్నాను.

ఎవరూ రారనుకున్నాం. అందరూ వచ్చారు. ఏం జరుగుతుందో చూడాలని ఉంటుంది కదా. పొద్దు వాలుతోంది, పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. బల్ల మీద గుడ్డ తీయగానే జొన్నరొట్టెలు చూసి జనంలో గుసగుసలు లేచాయి. "రోజూ ఇంట్లో తినేదే గుళ్ళోనూ పెడతారా?" అంది ఒకామె పైకే. అప్పుడు మేస్త్రి పెదనాన్న లేచాడు. మామయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"అందరూ ఇనండి. యేసుప్రభువు యూదుడే" అన్నాడు పెదనాన్న. "ఐగుప్తులో మట్టి తొక్కి ఇటుకలు కోసినోళ్ళ బిడ్డ ఆయన. కూలోళ్ళ బిడ్డ. ఆళ్ళు పారిపోతా తిన్నది ఇట్టాంటి రొట్టే. మనం తినే రొట్టే. మరి ఆయన్ని చంపించిందెవరంటారా? దాయాదులు. సొంతోళ్ళలోనే నలుగురు కూడి చేశారు. దాయాదులంటే ఏందో పల్నాడులో పుట్టినోళ్ళకి ఒకరు చెప్పాలా? నలుగురు చేసినదానికి ఇంటిపేరంతా ఎట్ట చెడ్డదయిద్ది?"

ఆ మాట అనేటప్పుడు ఆయన తల వెనక్కి తిరిగింది. వెనక, కిటికీ పక్కన, ఆయన చిన్నాన్న కొడుకు కూర్చుని ఉన్నాడు. గట్టు తగాదాలో గురజాల కోర్టులో ఆయన మీద దొంగసాక్ష్యం చెప్పినవాడు. ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు. ఒకడు ముందు చాపలో కూర్చుంటే ఇంకొకడు ఆఖరి చాపలో కూర్చునేవాడు. పెదనాన్న కాసేపు అతనివైపు చూసి, తిట్టినట్టే, "ఏందిరా, ఎండలో కూర్చున్నావు. ఇటొచ్చి కూర్చో" అన్నాడు. అతను కదల్లేదు. తర్వాత లేచాడు. చాపలు దాటుకుంటూ ముందుకు వస్తుంటే జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. వచ్చి పెదనాన్నకు ఒక చేయి దూరంలో కూర్చున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మామయ్య ఒకే రొట్టెను విరిచి ఇద్దరికీ ఇచ్చాడు.

గుడి అంతా నిశ్శబ్దంగా నములుతోంది. (జొన్నరొట్టె కాబట్టి కాస్త ఎక్కువసేపే నమిలారు.) అంత మంచి ఘడియలో నాకేం పుట్టిందో చూడండి. పెదనాన్న చెప్పింది సగమే సరి. శిక్ష వేసింది రోము అధిపతి, మేకులు కొట్టింది రోము సైనికులు. దాయాదుల మీదికే నెట్టేస్తే మళ్ళీ ఆ యూదుల మీదే పడుతుంది కదా. ఇది ఇప్పుడే చెప్పకపోతే ఇంకో వందేళ్ళు ఇలాగే అనుకుంటారని లేవబోయాను. మామయ్య రసం గిన్నె పట్టుకుని నా పక్కనుంచి వెళుతూ, తల తిప్పకుండా, ఉన్న కాస్త గొంతుతో, "కూర్చోవే తల్లీ. ఇయ్యాల్టికి చాలు" అన్నాడు. కూర్చున్నాను.

మరునాడు శ్రమల పాఠం పెదనాన్నే చదివాడు. ఆ వాక్యం దగ్గర ఆగాడు. కిటికీ వైపు వెళ్ళలేదు. నీళ్ళు తాగి మళ్ళీ చదివాడు. ఆ తర్వాత మా మామయ్యను ఎక్కడికీ పంపించమని ఎవరూ అడగలేదు. మా పల్లెలో మాత్రం చాలా ఏళ్ళు యూదులంటే ప్రభువు తాలూకు దాయాదులని చెప్పుకున్నారు. నేను బడిలో పిల్లలకు రోము సంగతి చెబుతూనే ఉన్నాను. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి ఏం చెప్పారో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ చేయలేదు.

ఇప్పుడు ఆదివారం గుడిలో వెనక వరసలో, ఫ్యాను కింద చోటు చూసుకుని కూర్చుంటాను. కుర్ర ప్రసంగీకులు మైకులో చాలా సంగతులు చెబుతారు. కొన్ని తప్పులు దొర్లుతాయి. వింటాను, ఫ్యాను వైపు చూస్తాను, ఇంటికి వచ్చి అన్నం తింటాను. సరిచెయ్యాలంటే ముందు లేవాలి, లేవాలంటే మోకాళ్ళు ఒప్పుకోవాలి. అప్పుడప్పుడు ఆ ఎండలో నాపరాళ్ళ మీద చెప్పులు టపటపలాడించుకుంటూ ఇల్లిల్లూ తిరిగిన ఆ పిల్ల గుర్తుకొస్తుంది. సన్నగా, నల్లగా, మెడ నరాలు పొంగేలా మాట్లాడుతూ. ఎదురొస్తే పిలిచి, నా పక్కన కాస్త జరిగి చోటిచ్చి, "కాసేపు కూర్చోవే తల్లీ, లోకం ఎక్కడికీ పోదు" అనాలనిపిస్తుంది. కూర్చోదు. నాకు తెలుసు కదా.